రిపోర్టులన్నీ నార్మల్, ఒళ్ళంతా నొప్పి: ఓ కలంకారీ కళాకారిణి కేసు

తిరుపతిలో ఫిజీషియన్‌గా నా ఓపీకి వచ్చే ఫిర్యాదుల్లో "ఒళ్ళంతా నొప్పులు" అన్నది ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటుంది. చాలామందిలో దాని వెనక రక్తహీనతో, థైరాయిడో, షుగర్ వల్ల వచ్చిన నరాల మంటో, మోకాళ్ళ అరుగుదలో బయటపడుతుంది. 2006లో రాయలసీమను ఊపేసిన చికున్‌గున్యా లాంటి జ్వరాల తర్వాత నెలల తరబడి కీళ్ళు పట్టేసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇవేవీ కానివాళ్ళు కొందరు మిగులుతారు. వాళ్ళలో ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్ళంతా నొప్పి, అలసట, అలసట తీరని నిద్ర కలిసి నెలల తరబడి సాగే జబ్బు ఉన్నవాళ్ళు మనం అనుకునే దానికంటే ఎక్కువ. జనాభాలో నూటికి ఇద్దరి నుంచి నలుగురి దాకా ఇది ఉంటుందని అంచనా. ఆడవాళ్ళలో ఎక్కువగా గుర్తిస్తున్నాం. మగవాళ్ళకూ వస్తుంది, కాకపోతే వాళ్ళను ఆ దిశగా అడిగేవాళ్ళు తక్కువ.

ఈ జబ్బును తేల్చి చెప్పే రక్త పరీక్ష లేదు, స్కాన్ లేదు. అందుకని అన్నీ తీసేయగా చివర్లో మిగిలిన పేరుగా దీన్ని వాడుతుంటారు. ఆ పద్ధతి వల్ల పేషెంట్ ఏళ్ళ తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఫైబ్రోమయాల్జియాకు తనదైన లక్షణాల కూర్పు ఒకటుంది. కూర్చోబెట్టి అడిగితే చాలాసార్లు మొదటి రోజే అది కనిపిస్తుంది. ఆ అడగడం ఎలా ఉంటుందో చూపించడానికే ఈ కేసు రాస్తున్నాను. పేషెంట్ అనుమతి తీసుకున్నాను. ఆనవాళ్ళు తెలియకుండా కుటుంబ వివరాలు కొన్ని మార్చాను.

వచ్చిన ఫిర్యాదు

ఆమెకు 43 ఏళ్ళు. పుట్టిల్లు పలమనేరు దగ్గర పల్లె, మెట్టినిల్లు శ్రీకాళహస్తి. పెళ్ళైన దగ్గర్నుంచి భర్తతో పాటు కలంకారీ పనే జీవనాధారం. కూతురు ఇంటర్ చదువుతోంది.

"మెడ కాడ మొదలై భుజాలకు దిగింది మేడమ్. ఇప్పుడు యాడ నొస్తా ఉందంటే ఏం చెప్పాల? నొయ్యని చోటు ఏదంటే చెప్తా" అంది.

రెండున్నరేళ్ళ నుంచి ఇదే పరిస్థితి. వెంట తెచ్చుకున్న బట్టల షాపు సంచి నిండా కాగితాలు, ఫిల్ములు. మెడ ఎక్స్‌రేలో అరుగుదల అని రాశారు. నడుము ఎమ్మారైలో రెండు డిస్కులు కొంచెం ఉబ్బినట్టు ఉంది. ఆ వయసులో నడుము నొప్పి లేనివాళ్ళకు తీసినా చాలామందిలో అలాంటివి కనిపిస్తాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ కాస్త ఎక్కువగా వచ్చిందని ఒకచోట కీళ్ళవాతం మందులు కొన్ని నెలలు వాడారు. ఇంకోచోట కాల్షియం మాత్రలు. మరోచోట నరాల బలహీనత అని ప్రీగాబాలిన్ కలిసిన మాత్ర రాస్తే, కళ్ళు తిరుగుతున్నాయని పది రోజులకే ఆపేసింది. కుడి భుజం పైకి లేవనప్పుడు పుత్తూరు కట్టుకు కూడా వెళ్ళింది. ఎముకకు ఏమీ కాలేదని అక్కడ చూసి పంపేశారు. ఇవి కాక వారానికో సూది. వేయించుకున్న రోజు, మర్నాడు ఒళ్ళు తేలికపడుతుంది, మూడోనాటికి మళ్ళీ మామూలే. ఆ సూదిలో ఏముందో ఏ చీటీ మీదా రాసి లేదు.

ఇంత తిరిగినా ఆమెను అన్నిటికంటే కుంగదీసింది ఒక మాట: "రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదమ్మా." ధైర్యం చెప్పడానికే ఎవరో ఆ మాట అని ఉంటారు. ఇల్లు చేరేసరికి దాని అర్థం మారిపోయింది. ఏమీ లేకపోతే మరి పండుకోవడం ఎందుకు, పని తప్పించుకోవడానికే కదా అని బంధువులు అనడం మొదలుపెట్టారు. భర్త చెడ్డవాడు కాదు. భార్య మాట నమ్మాలో, కాగితం మాట నమ్మాలో తెలియక తలొంచుకుని కూర్చున్నాడు.

అడిగితే తెలిసినవి

నొప్పి గురించి ఆమె అప్పటికే చెప్పేసింది కాబట్టి నేను నిద్రతో మొదలుపెట్టాను. "పొద్దున లేస్తానే ఎట్లుంటుందమ్మా?"

ఆమె ఒక నిమిషం ఆలోచించింది. ఇంతకుముందు ఎవరూ అది అడగలేదట. "పండుకోక ముందే నయం మేడమ్. తొమ్మిదికి పండుకుంటే ఆరుకు లేస్తా. లేచినాక మళ్ళా పండుకుంటే బాగుండుననిపిస్తుంది. ఒళ్ళు నాది కాదేమో అన్నట్టుంటుంది."

ఒళ్ళునొప్పులతో వచ్చిన ప్రతి ఒక్కరినీ ఈ ప్రశ్న అడగాలని నా అభిప్రాయం. ఎన్ని గంటలు నిద్రపోయారన్నది ఒక్కటే చాలదు, లేచాక అలసట తీరిందా లేదా అన్నది అడగాలి. ఫైబ్రోమయాల్జియాలో మనిషి తొమ్మిది గంటలు పడుకున్నా గాఢనిద్ర దశలు సరిగ్గా సాగవు. రాత్రంతా పైపై నిద్రే. అయితే అలసట తీరని నిద్రకు స్లీప్ ఆప్నియా కూడా కారణం కావచ్చు. అందుకే భర్తను పక్కకు పిలిచి గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉండటం, ఉలిక్కిపడి లేవడం లాంటివి ఉన్నాయేమో అడిగాను. లేవన్నాడు. కాళ్ళు మాత్రం రాత్రిపూట పీకుతూనే ఉంటాయని, అటూ ఇటూ కదిలిస్తూ ఉంటుందని చెప్పాడు. ఈ మాట తర్వాత పనికొచ్చింది.

పొద్దున లేచాక గంటసేపు ఒళ్ళు బిగుసుకుపోయి ఉంటుందట. కీళ్ళవాతంలోనూ పొద్దుటి బిగుతు ఉంటుంది. అక్కడ వేళ్ళ కణుపులు, మణికట్లు వాస్తాయి, ముట్టుకుంటే మెత్తగా ఉబ్బినట్టు తెలుస్తాయి. ఈమెకు వేళ్ళు వాచినట్టు అనిపిస్తుంది తప్ప, ఉంగరం ఎప్పుడూ బిగుసుకోలేదు.

"పనిలో పొరపాట్లు ఏమైనా వస్తా ఉన్నాయా?" అని అడిగాను. ఆమె మాట్లాడలేదు, భర్త అందుకున్నాడు. కలంకారీలో కరక్కాయ, గేదె పాలు పట్టించి ఆరబెట్టిన బట్ట మీద నల్లరంగుతో బొమ్మ గీస్తారు. ఎర్రగా రావాల్సిన చోటల్లా పటిక నీళ్ళు పూస్తారు. ఆరాక పూసిన చోటికీ పూయని చోటికీ తేడా అంతగా కనపడదు. ఎంతవరకు వచ్చామో పనివాళ్ళే గుర్తు పెట్టుకోవాలి. బట్టను రంగులో ఉడకబెట్టాక గానీ తప్పు బయటపడదు. ఇరవై ఏళ్ళుగా అలవాటైన చెయ్యి. ఆ ఏడాది ఒక పెద్ద రామాయణం తెర మీద సగం చోట్ల పటిక పూయడం మరిచిపోయింది. ఉడకబెట్టి తీసేసరికి ఎరుపు పట్టలేదు. నెలల పని పోయింది.

"మతిమరుపు జబ్బు వస్తాందా మేడమ్ నాకు?" అని అప్పుడు ఏడ్చింది. నొప్పి గురించి అంతసేపు చెప్పినప్పుడు కళ్ళలో నీళ్ళు రాలేదు.

దీన్ని ఇంగ్లిష్‌లో ఫైబ్రో ఫాగ్ అంటారు. చేస్తున్న పని మధ్యలో ఆగిపోవడం, చెప్పాలనుకున్న మాట నోటికి రాకపోవడం, రెండు పనులు ఒకేసారి చేయలేకపోవడం. ధ్యాస నిలవకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. డిమెన్షియా వేరు. ఆ సంగతి మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి. ఎందుకంటే చాలామంది ఈ భయాన్ని లోపలే పెట్టుకుని తిరుగుతుంటారు.

ఇంకా అడుగుతూ పోతే మిగతావన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి. లంగా నాడా బిగించి కడితే నడుము చుట్టూ మండుతుంది, అందుకని ఇంట్లో నైటీలే. గాజులు తీసేసింది. కూతురు వెనక నుంచి వచ్చి గట్టిగా పట్టుకుంటే అరిచేస్తుంది, తర్వాత బాధపడుతుంది. మామూలుగా నొప్పి పుట్టించని తాకిడి కూడా నొప్పిగా తెలియడం ఈ జబ్బులో ముఖ్యమైన గుర్తు. పాలు పట్టించిన బట్ట వాసన కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో కూడా ఆమెను ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు ఆ వాసనకు కడుపులో తిప్పుతోంది. పెళ్ళిళ్ళలో మైకుసెట్టు, వీడియో లైట్లు భరించలేక భోజనం కాకుండానే వచ్చేస్తోంది. ఫ్యాన్ గాలి నేరుగా తగిలితే భుజాలు సలుపుతాయి. వారంలో సగం రోజులు తలనొప్పి. కడుపు ఒకరోజు బిగిస్తుంది, ఒకరోజు వదిలేస్తుంది. మూత్రానికి మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తుంది, పరీక్ష చేస్తే ఇన్ఫెక్షన్ ఉండదు. చేతులు, పాదాలు తిమ్మిర్లు.

ఇన్ని ఫిర్యాదులు ఒకే మనిషి చెబితే వినేవాళ్ళకు విసుగొస్తుంది. కడుపుకో డాక్టరు, తలకో డాక్టరు, మూత్రానికో డాక్టరు అని పంపేస్తారు. ఇన్ని చోట్ల ఇన్ని రకాలుగా ఉండటమే ఈ జబ్బు తీరు. అన్నీ ఒకరే కూర్చుని విన్నప్పుడే అది తెలుస్తుంది.

మొదలైన తీరు కూడా అడిగాను. నొప్పులు రాకముందు ఏడాదికి పైగా అత్తగారు పక్షవాతంతో మంచంలో ఉన్నారు. రాత్రికి మూడు నాలుగుసార్లు లేచి పక్క మార్చడం, శుభ్రం చేయడం అంతా ఈమే. పగలు బొమ్మల పని. ఆవిడ పోయిన రెండు నెలలకు మెడ నొప్పి మొదలైంది. అంతకు కొన్నేళ్ళ ముందే ఈమెకు గర్భసంచి తీసేశారు. ఆమె అత్తగారి సేవను కష్టమని చెప్పుకోలేదు, నేను అడిగితే "చేయాల్సిందే కదా మేడమ్" అంది. నిద్రకూ నొప్పికీ ఉన్న సంబంధం తెలిసినవాళ్ళకు ఈ కథ కొత్తగా అనిపించదు. 1975లోనే కెనడాలో మోల్డోఫ్‌స్కీ బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కొన్ని రాత్రులు గాఢనిద్ర పట్టకుండా చప్పుళ్ళు చేసి చూసింది. వాళ్ళకు ఒళ్ళునొప్పులు వచ్చాయి, నొక్కితే నొప్పి పుట్టే చోట్లు పెరిగాయి. నిద్ర ఒక్కటే కారణమని అనలేం. వంశపారంపర్యం, పెద్ద జబ్బులు, ప్రమాదాలు, చిన్ననాటి కష్టాలు, ఎడతెగని మానసిక ఒత్తిడి కూడా దారి తీస్తాయి.

దిగులు గురించి అడిగినప్పుడు, చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని కూడా సూటిగా అడిగాను. వచ్చింది, అమ్మిని (కూతుర్ని) తలుచుకుని ఆగాను అంది. దానికోసం ఏర్పాట్లేమీ చేసుకోలేదు. అయినా భర్తకు తెలియాలని ఆమె ఒప్పుకున్నాకే చెప్పాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 చీటీ మీద రాసిచ్చాను. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పరీక్షించినప్పుడు

బీపీ చూడటానికి పట్టీ చుట్టి గాలి కొడుతుండగా ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. బీపీ 122/80. మామూలు మనిషికి బిగుతుగా మాత్రమే అనిపించే ఆ ఒత్తిడి ఆమెకు నొప్పి. బీపీ పట్టీకి ఇలా ఉలిక్కిపడే పేషెంట్ కనిపిస్తే నేను నిద్ర గురించి తప్పకుండా అడుగుతాను.

వేళ్ళ కణుపులు, మణికట్లు, మోకాళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూశాను. వాపు లేదు, వేడి లేదు. నేల మీద నుంచి చేతి ఊత లేకుండా లేవగలదు, తల మీదికి చేతులెత్తి పట్టుకోగలదు. కండరాల బలం తగ్గలేదన్నమాట. రిఫ్లెక్సులు నార్మల్. మెడ వెనక, భుజాల పైన, మోచేతి పక్కన, పిరుదుల మీద, మోకాలి లోపలి వైపు బొటనవేలితో గోరు తెల్లబడేంత వరకు నొక్కితే ప్రతిచోటా నొప్పి. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ పెట్టిన ప్రమాణాల్లో ఇలాంటి 18 చోట్లలో 11 చోట్ల నొప్పి ఉండాలన్నారు. 2010లో ఆ నొక్కి లెక్కపెట్టే పద్ధతిని పక్కనపెట్టి, నొప్పి ఎన్నిచోట్ల ఉంది, మిగతా లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయి అని చూడటం మొదలుపెట్టారు. 2016లో దాన్ని ఇంకాస్త సరిచేశారు.

ఇప్పుడు వాడే లెక్క ఇది. శరీరాన్ని 19 భాగాలు చేసి, గత వారంలో ఎన్నింట్లో నొప్పి ఉందో చూస్తాం. ఈమెకు 14. రెండోది 12 మార్కుల లెక్క. అలసట, అలసట తీరని నిద్ర, ధ్యాస కుదరకపోవడం, ఒక్కోదానికి 3 వరకు. తలనొప్పి, పొత్తికడుపు నొప్పి, గత ఆరు నెలల్లో డిప్రెషన్, ఒక్కోదానికి 1. ఈమెకు మొత్తం 10. మొదటిది 7 గానీ ఆపైన గానీ ఉండి రెండోది కనీసం 5 ఉన్నా, మొదటిది 4 నుంచి 6 మధ్య ఉండి రెండోది కనీసం 9 ఉన్నా సరిపోతుంది. నొప్పి శరీరపు ఐదు ప్రాంతాల్లో కనీసం నాలుగింట్లో ఉండాలి, మూడు నెలలుగా ఇలాగే సాగుతూ ఉండాలి. 2016 సవరణలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన మాట ఇంకొకటుంది: వేరే జబ్బు ఉన్నంత మాత్రాన ఫైబ్రోమయాల్జియా లేదని చెప్పలేం. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు, థైరాయిడ్ ఉన్నవాళ్ళకు ఇది కూడా ఉండొచ్చు.

రక్త పరీక్షలు

ఈమెకు అవసరమైనవే రాశాను. హిమోగ్లోబిన్ 10.8, కాస్త తక్కువ. ఒంట్లో వాపు ఉంటే పెరిగే ఈఎస్ఆర్, సీఆర్పీ నార్మల్. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 3.1, నార్మలే. షుగర్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కండరాల ఎంజైమ్ సీకే, బీ12 నార్మల్. విటమిన్ డి 14, తక్కువ. ఇనుము నిల్వలు చూపే ఫెరిటిన్ 12, అదీ తక్కువే. ఆర్‌ఏ ఫ్యాక్టర్ గతంలో స్వల్పంగా పాజిటివ్ వచ్చింది కాబట్టి కీళ్ళవాతాన్ని ఇంకాస్త కచ్చితంగా చూపే యాంటీ సీసీపీ చేయించాను, నెగెటివ్. సూదుల్లో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉందని పొద్దుటి కార్టిసాల్ కూడా చూశాను, బాగానే ఉంది. వారం వారం స్టెరాయిడ్ పడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తగ్గిపోవచ్చు. అలాంటప్పుడు ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ స్వల్పంగా పాజిటివ్ రావడం కీళ్ళవాతం లేనివాళ్ళలోనూ ఉంటుంది. లూపస్ లాంటి జబ్బులకు చేసే ఏఎన్ఏ పరీక్ష కూడా అంతే. వాపు, దద్దుర్లు, నోటిపూత, జుట్టు రాలడం లాంటి గుర్తులు లేకుండా ఆ పరీక్షలు రాస్తే, వచ్చే కాగితం పేషెంట్‌కు కొత్త టెన్షన్ తెచ్చిపెడుతుంది. విటమిన్ డి తక్కువ ఉందంటే నొప్పులన్నిటికీ అదే కారణమా అని ఆలోచించాను. ఎముకలు మెత్తబడే ఆస్టియోమలేషియాలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ సాధారణంగా పెరుగుతుంది, తొడల బలం తగ్గుతుంది, నడక ఊగుతుంది. ఈమెలో అవి లేవు. లోపం ఉంది కాబట్టి సరిచేయాలి, కానీ అది సరయ్యేదాకా అసలు జబ్బు పేరు చెప్పకుండా ఆపక్కర్లేదు. ఫెరిటిన్ మాత్రం కాళ్ళ పీకుడికి నేరుగా సంబంధించినది. ఇనుము నిల్వలు తగ్గితే రెస్ట్‌లెస్ లెగ్స్ పెరుగుతుంది. ఐరన్ మొదలుపెట్టాను.

ఒళ్ళునొప్పులతో పాటు బరువు తగ్గడం, రోజూ జ్వరం, కీళ్ళ వాపు, కండరాల బలం తగ్గడం, మూత్రం మీద పట్టు పోవడం ఉంటే ఫైబ్రోమయాల్జియా అని ఆగిపోకూడదు. యాభై దాటినవారిలో భుజాలు, తొడలు ఒక్కసారిగా పట్టేసి ఈఎస్ఆర్ బాగా పెరిగితే పాలిమయాల్జియా రుమాటికా అనే వేరే వాతం గురించి ఆలోచించాలి. పాతికేళ్ళ కుర్రాడికి తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వచ్చి, నడిస్తే తగ్గుతోందంటే అది వెన్నెముక వాతం కావచ్చు. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడుతున్నారా, నొప్పులు ఆ మందు వల్లనా అన్నది కూడా చూడాలి.

ఆమెకు చెప్పింది

ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి జబ్బు పేరు చెప్పాను. ప్రాణాంతకం కాదని, కీళ్ళు వంకర్లు పోవని, మంచాన పడేయదని చెప్పాను. మళ్ళీ మళ్ళీ అడిగారు, మళ్ళీ మళ్ళీ చెప్పాను.

"మరి రిపోర్టులో ఎందుకు రాలేదు?" అన్నది భర్త ప్రశ్న. పలమనేరు వైపు ఊళ్ళలో ఏనుగులు పొలాల మీద పడటం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒకసారి ఏనుగుల గుంపు వచ్చి వెళ్ళిన ఊళ్ళో ఆ తర్వాత కొన్ని నెలలు ఎవరికీ నిద్రుండదు. అరటాకు కదిలినా డబ్బాలు కొడతారు, టపాకాయలు పేలుస్తారు. తెల్లారి వెళ్ళి చూస్తే పొలంలో ఏనుగు అడుగు ఒక్కటీ ఉండదు. అంతమాత్రాన ఊరివాళ్ళు అబద్ధం చెప్పారని అంటామా? నీ ఒంట్లో నొప్పిని కనిపెట్టే నరాల వ్యవస్థ ఇప్పుడు అట్లా ఉందమ్మా అని చెప్పాను. ఎక్స్‌రే, ఎమ్మారై పొలంలో అడుగులు వెతుకుతాయి. కాపలావాళ్ళు నిద్రపోతున్నారా లేదా అన్నది వాటికి కనపడదు.

ఇది ఊహ కాదని చూపే పరిశోధనలు ఉన్నాయి. 2002లో మెదడు స్పందనను చూపే ఎఫ్ఎమ్మారై స్కాన్ కింద బొటనవేలి గోరును నొక్కి చూసినప్పుడు, ఆరోగ్యవంతుల కంటే చాలా తక్కువ ఒత్తిడికే ఫైబ్రోమయాల్జియా ఉన్నవారి మెదడులో నొప్పికి సంబంధించిన భాగాలు స్పందించాయి. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో నొప్పి సంకేతాలు చేరవేసే సబ్‌స్టెన్స్ పి ఎక్కువగా ఉంటుందనీ తేలింది. 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ఇలాంటి నొప్పికి నోసిప్లాస్టిక్ అని విడిగా పేరు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక 11వ కూర్పులో ఫైబ్రోమయాల్జియా దీర్ఘకాలిక నొప్పుల కింద ఉంది.

భర్త అంతా విని ఆమె వైపు తిరిగి, "అయితే నీకు నిజంగానే నొస్తాందా?" అన్నాడు. ఆ రోజు ఆమెకు అందిన మందుల్లో అది మొదటిది.

వైద్యం

సూదులు, నొప్పి మాత్రలు ఆపించాను. డైక్లోఫెనాక్ లాంటివి వాపు మీద పనిచేస్తాయి. ఇక్కడ వాపు లేదు. ఏళ్ళ తరబడి మింగితే కడుపు, కిడ్నీలు దెబ్బతినడమే మిగులుతుంది. స్టెరాయిడ్‌కూ ఇక్కడ పని లేదు.

రాత్రి పడుకోవడానికి రెండు గంటల ముందు అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు. ఇది డిప్రెషన్ మాత్రే, కానీ ఇంత తక్కువ డోసులో నిద్ర కోసం, నొప్పి కోసం వాడతాం. ఈ సంగతి ముందే చెప్పకపోతే మందుల షాపులో "ఇది మెంటల్ మాత్ర" అని ఎవరో ఒకరు అంటారు, మాత్ర చెత్తబుట్టలోకి పోతుంది. నోరు ఎండిపోవచ్చు, విరేచనం బిగించవచ్చు అని కూడా చెప్పాను. విటమిన్ డి 60,000 యూనిట్లు వారానికొకటి, ఎనిమిది వారాలు. ఐరన్ మాత్ర. ఎవరికి ఏ మందు, ఎంత డోసు అన్నది గుండె పరిస్థితిని, వాడుతున్న మిగతా మందులను బట్టి మారుతుంది. ఇవి ఈ పేషెంట్‌కు రాసినవి మాత్రమే.

యూరప్ రుమటాలజీ సంఘం 2017లో ఇచ్చిన సిఫార్సుల్లో గట్టిగా చేయమని చెప్పింది వ్యాయామం ఒక్కటే. అడుగు తీసి అడుగు వేయలేకపోతున్న మనిషికి వ్యాయామం చేయమంటే ఎగతాళిగా వినిపిస్తుంది. అందుకని చాలా తక్కువతో మొదలుపెట్టాం. పొద్దున గుడి వీధుల్లో పది నిమిషాల నడక, అంతే. బాగున్న రోజున కూడా పది నిమిషాలే, బాగాలేని రోజున ఐదైనా సరే. రెండు వారాలకోసారి రెండు నిమిషాలు పెంచాలి.

పని తీరు కూడా మార్చాం. నేల మీద వంగి గీసే బల్లను ఎత్తు పెంచి కుర్చీలో కూర్చునేలా చేశారు. ఫోన్‌లో అలారం పెట్టుకుని అరగంటకోసారి లేవడం. కలంకు చుట్టిన బట్టను పిండుతూ రంగు వదలాలి కాబట్టి వేళ్ళు త్వరగా అలిసిపోతాయి. పట్టుకునే చోట గుడ్డ చుట్టి లావు చేసుకుంది. తడిసి బరువెక్కిన బట్టలు ఉతికే పని భర్త తీసుకున్నాడు. పటిక పూసిన చోటల్లా నోటుబుక్‌లో గీసిన చిన్న బొమ్మ మీద టిక్కు పెట్టుకోవడం కూతురు నేర్పింది. ఇది నాకు తట్టని ఉపాయం.

తర్వాతి నెలలు

ఆరు వారాలకు నిద్ర కొంచెం కుదిరింది, కాళ్ళ పీకుడు తగ్గింది. అమిట్రిప్టిలిన్ 25కు పెంచితే పొద్దున పది దాకా మత్తుగా ఉందంది. మళ్ళీ 10కి తగ్గించాం.

రెండో నెల చివర ఒక వారం ఆమెకు చాలా బాగుంది. కూతురు పరీక్షలు బాగా రాయాలని మొక్కుకుని ఉంది. ఆ ఉత్సాహంలో శ్రీనివాసమంగాపురం వైపు నుంచి శ్రీవారి మెట్టు ఎక్కేసింది. 2,388 మెట్లు. ఎక్కేటప్పుడు ఏమీ అనిపించలేదట. మర్నాటి నుంచి మంచం దిగలేకపోయింది, రెండు వారాలు నడక కూడా ఆగిపోయింది. వైద్యం పనిచేయలేదనుకుని మళ్ళీ సూది వేయించుకునేదే, భర్త ఫోన్ చేశాడు కాబట్టి ఆగింది.

ఈ జబ్బులో చాలామందికి ఇలాగే జరుగుతుంది. బాగున్న రోజున మిగిలిన పనులన్నీ ఒక్కసారే చేసేస్తారు, తర్వాత వారం పడిపోతారు. పడిపోయిన వారంలో కదలక కండరాలు ఇంకా బలహీనపడతాయి. మొక్కు తప్పని నేను అనలేదు. ఆ మొక్కు ఆమెకు బలం కూడా. ఇక ముందు ఏ మొక్కైనా తీర్చుకోవడానికి గడువు లేదు కదా, నడక గంటకు చేరాక నిదానంగా ఆలోచిద్దాం అన్నాను. మళ్ళీ ఐదు నిమిషాల నుంచి మొదలు.

దిగులు పూర్తిగా తగ్గకపోవడంతో మూడో నెలలో అమిట్రిప్టిలిన్ ఆపి, దిగులుకూ నొప్పికీ వాడే డులాక్సెటిన్ 30, తర్వాత 60 మిల్లీగ్రాములు ఇచ్చాను. మొదటి వారం వికారంగా ఉంది, తర్వాత సర్దుకుంది. ఆరో నెలలో మళ్ళీ లెక్క చూస్తే నొప్పి భాగాలు 14 నుంచి 8కి, రెండో లెక్క 10 నుంచి 6కి దిగాయి. నొప్పి పోలేదు. నెలలో కొన్ని రోజులు ఇంకా కష్టంగానే గడుస్తాయి, ముసురు పట్టినప్పుడు ఎక్కువ. కానీ సూదుల జోలికి పోలేదు, రోజుకు ముప్పై ఐదు నిమిషాలు నడుస్తోంది, ఒక చిన్న తెర సొంతంగా పూర్తి చేసింది.

ఈ మధ్య వచ్చినప్పుడు కుడిచేతి తిమ్మిర్లు ఎక్కువయ్యాయంది. అది కూడా ఈ జబ్బేనని ఆమె సర్దుకుపోయింది. అడిగితే, తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలికే వస్తోంది, చిటికెనవేలికి లేదు. రాత్రి దానికే మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. ఇది ఫైబ్రోమయాల్జియా తిమ్మిరి తీరు కాదు. నరాల పరీక్షకు పంపితే మణికట్టు దగ్గర నరం ఒత్తుకుపోయే కార్పల్ టన్నెల్ అని వచ్చింది, తొలి దశ. రాత్రిపూట మణికట్టు పట్టీ ఇచ్చాను, కలం పట్టే గంటలు తగ్గించమన్నాను. ఆరు వారాల తర్వాత మళ్ళీ చూసి, తగ్గకపోతే మణికట్టులో ఇంజెక్షనా, సర్జన్ దగ్గరికి పంపాలా అన్నది నిర్ణయిస్తాం. డులాక్సెటిన్ అదే డోసులో కొనసాగుతోంది.